నల్లముసుగోడూ, తాతయ్య ఎడమ చెవీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా బలమైనవాడు మా నాన్న కాదు, మా తాతయ్యా కాదు. టీవీలో కుస్తీలు పట్టే నల్లముసుగోడు. ఈ మాట చెప్తే ఆ తరవాత పుట్టిన మా తమ్ముడూ, పక్కింటి పిల్లలూ పడీ పడీ నవ్వుతారు. సాయంత్రమైతే చుట్టూ చేరి పాత సంగతులు చెప్పమని వేధించేదీ వాళ్ళే, పాతికేళ్ళు నిండకుండానే నాకు ముసలమ్మ అని పేరు పెట్టిందీ వాళ్ళే. నేను చదివింది ఏడో తరగతి వరకే. ఆ చదువులో ఒక్క ముక్క కూడా ఇప్పుడు గుర్తులేదు కాని, ఆ కుస్తీల ఏడాది మా ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుని ఏమన్నారో అడగండి, చెప్తాను.

మాది నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పేట. మా దగ్గర చేప తగ్గిపోయింది. వానాకాలం వెళ్ళీ వెళ్ళగానే మగాళ్ళందరూ రైలెక్కి గుజరాత్ పోయేవారు. అక్కడి పెద్ద పడవల మీద వేట చేసి, ఎండలు ముదిరాక తిరిగొచ్చేవారు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడాది, వెళ్ళే ముందు నాన్న ఇంటికి డిష్ పెట్టించాడు. నేను లేని లోటు తెలీకుండా ఉంటుందిలే అన్నాడు అమ్మతో.

ఆదివారం సాయంత్రం ఆ కుస్తీలు వచ్చేవి. వాళ్ళు అరిచే ఇంగ్లీషు మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. ముఖానికి నల్లటి ముసుగు వేసుకునేవాడు నల్లముసుగోడు, మావాడు. వాడి శత్రువు ఎర్రజుట్టోడు. రైలెక్కేదాకా నాన్న టీవీ పక్కన గొంతుక్కూర్చుని వాళ్ళిద్దరి మాటలూ తనే చెప్పేవాడు. నల్లముసుగోడు వేలు చూపించి అరిస్తే నాన్న గొంతు పెంచి, "ఒరే ఎర్రజుట్టోడా, మా పేటకి రారా, నీకు రొయ్యల పులుసు పోసి, కడుపు నిండినాక మరీ తంతాను!" అనేవాడు. వెంటనే ముక్కుతో, "ముందు పులుసు పొయ్యరా, తన్నుల సంగతి తరవాత సూద్దాం" అని ఎర్రజుట్టోడి జవాబు కూడా ఆయనే ఇచ్చేవాడు. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

మా నానమ్మ మాత్రం నవ్వేది కాదు. మంచం మీద కూర్చుని, చుట్ట చేతిలోనే ఆరిపోతుంటే, "ఓలమ్మో, సంపేస్తన్నాడ్రా నాయినా! ఆపండ్రా ఎవలైనా!" అని గుండెలు బాదుకునేది. నేనూ ఆవిడతో కలిసి ఏడ్చేదాన్ని. తాతయ్య మూలన వల బాగుచేసుకుంటూ, మా ఇద్దరి వంకా చూసి మీసాల చాటున నవ్వుకునేవాడు. ఈయనకి గుండె లేదేమో అనుకునేదాన్ని.

నాన్నని రైలెక్కించడానికి అందరం నౌపడ స్టేషనుకి వెళ్ళాం. నేను ఆయన చొక్కా వదల్లేదు. అప్పుడు నాన్న వంగి, ఏడుపు ఆపడానికి ఏదో ఒకటి చెప్పాలని చెప్పిన మాట నా నెత్తిన కూర్చుంది. "నల్లముసుగోడికి ఈ ఏడు గెలిసినోడికిచ్చే బెల్టు వస్తాది సూడు. ఆడు ఎర్రజుట్టోణ్ణి గెలిసిన రోజు నీ నాన్న తిరుగు రైలెక్కేసినాడని అనుకో. సరేనా?" అన్నాడు. నేను సరేనన్నాను. ఆయన సరదాకి అన్నాడు. నేను ఒట్టులాగా పట్టుకున్నాను.

పడవ రేవుకి వచ్చినప్పుడల్లా నాన్న తాతయ్య ఫోనుకి చేసేవాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క బటన్ల ఫోనే. తాతయ్యకి ఎడమ చెవి వినబడదు, చిన్నప్పుడు చీము పట్టి పోయిందట. అందుకని ఫోను ఎప్పుడూ కుడిచెవికే నొక్కి పెట్టుకొని, పేటంతా వినేలా అరిచేవాడు. తరవాత నానమ్మ, ఆ తరవాత నేను. నాతో నాన్న మొదట అడిగేది ఒకటే: "గెలిసినాడేటి?" లేదని చెప్తే, "గెలుస్తాడు, తొందరేటి" అనేవాడు.

సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఆగిపోయాయని నాకెవరూ చెప్పలేదు. బడి నుంచి రాగానే, "మీ నాన్న ఇందాకే సేసినాడే, నువ్వు నేవు" అనేవాడు తాతయ్య. ప్రతిసారీ అంతే. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కసారీ మోగేది కాదు. నాన్నకి నా మీద కోపం వచ్చిందేమో, నేనేం తప్పు చేశానో అని బడిలో కూర్చుని ఆలోచించేదాన్ని. అమ్మని అడిగితే ఎండుచేపల గంప నెత్తినెత్తుకొని ఊళ్ళ మీదకి పోయేది, జవాబు చెప్పేది కాదు. ఆ రోజుల్లోనే నానమ్మకి ఆయాసం మొదలైంది. గుండె వాచిందని, బెదిరిపోయే మాట ఏదీ ఆవిడ చెవిన వెయ్యొద్దని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. చుట్ట మాన్పించారు. ఆవిడ మంచం గోడ పక్కకి మారింది.

అదే సమయానికి నల్లముసుగోడు ఓడిపోవడం మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం ఎర్రజుట్టోడు వాణ్ణి ఎత్తి పడేస్తున్నాడు. ఒకసారి కుర్చీతో కొట్టాడు. ఇంకోసారి ముసుగు కిందనుంచి రక్తం కారింది. మాటలు చెప్పడానికి నాన్న లేడు, ఆ ఇంగ్లీషు అరుపులు ఒక్కటే. వాడు నేల మీద లేవకుండా పడి ఉంటే నాకు కనబడేది నాన్న రైలు. అది ఎక్కడో ఆగిపోయి ఉంది, వీడు లేస్తేనే కదులుతుంది. శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళకి గోంగూర పెడతాను, నల్లముసుగోణ్ణి గెలిపించు సామీ అని మొక్కుకున్నాను. అన్నం సయించేది కాదు. పళ్ళెం ముందు కూర్చుని, ఈ ముద్ద తింటే వాడు ఓడిపోతాడేమో అనిపించి వదిలేసేదాన్ని. బుగ్గలు పీక్కుపోయాయి. అమ్మ ఒక చెంపదెబ్బ కొట్టి, వెంటనే నన్ను పట్టుకొని తనే ఏడ్చింది.

మా మేనత్త కొడుకు విజయనగరంలో కాలేజీ చదివేవాడు. నానమ్మని చూడ్డానికి వచ్చి, నేను టీవీ ముందు వెక్కుతుంటే చూసి పగలబడి నవ్వాడు. "ఒసే మరదలా, అదంతా ఉత్తుత్తి ఆటే. ఎవుడు గెలవాలో ముందే అనేసుకుంటారు. ఆలిద్దరూ ఒకే బండిలో ఇంటికెళ్ళిపోతారు, తెల్దేటి?" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకొని కొరికేశాను. పళ్ళ గాట్లు పడ్డాయి. "ఓరి దీన్దుంపతెగ! నల్లముసుగోడి కన్నా ఇదే నయంరా, దీన్నంపండి బెల్టుకి" అని గంతులేశాడు బావ. తాతయ్య నవ్వలేదు. నా వంకా, మంచం మీద నానమ్మ వంకా చూసి, వల పక్కన పెట్టి లేచాడు.

నన్ను చెయ్యి పట్టుకొని ఒడ్డుకి తీసుకుపోయాడు. పొద్దు వాలుతోంది. లాగిపెట్టిన పడవల వెనక, ఎవరూ లేని చోట ఆగి, పంచె ఎగ్గట్టాడు.

"నన్నొక గుద్దు గుద్దు" అన్నాడు.

నేను గుద్దలేదు. మళ్ళీ అన్నాడు. బావ మీద కోపం ఇంకా ఉంది కాబట్టి పొట్టలో ఒకటి వేశాను. పిల్ల చేతి దెబ్బ, ఏపాటిది? తాతయ్య మాత్రం కెవ్వుమని గాల్లోకి లేచి, పెద్ద చప్పుడుతో వెల్లకిలా ఇసకలో పడ్డాడు. కళ్ళు తేలేశాడు. నోరు తెరుచుకుపోయింది. నానమ్మ మంచాన ఉంది, నాన్న లేడు, ఇప్పుడు తాతయ్యని నేను చంపేశాను. నా గొంతులోంచి వచ్చిన అరుపు నాకే ఇప్పటికీ వినబడుతుంది.

ఆయన ఒక కన్ను తెరిచాడు. "ఏటే, అప్పుడే ఏడ్సేస్తన్నావు? ఇంకా పూర్తిగా సావనేదు నాను."

ఒళ్ళో కూర్చోబెట్టుకొని అప్పుడు చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు తాతయ్య అమ్మవారి సంబరాల్లో సాము చేసేవాడట. కర్ర తిప్పుళ్ళు అయ్యాక ఆఖర్న ఇద్దరు మగాళ్ళు ప్రాణాలు తీసుకునేటట్టు కలబడాలి. ఒకడు తాతయ్య, రెండోవాడు ఆయన బావ, అంటే మా నానమ్మ అన్న. చుట్టూ జనం ఊపిరి బిగపట్టి చూసేవారట. ఓడిపోయేది ఎప్పుడూ తాతయ్యే. అది సంబరానికి ముందే అనుకున్నదే.

"పడీటప్పుడు గెడ్డం గుండెకి ఆనించాల. అరిసేతులు రెండూ ముందు నేలకి కొట్టాల. ఆ సప్పుడు సేతులదే, ఈపుది కాదు" అని మళ్ళీ పడి చూపించాడు. చూస్తే నిజమే, చేతులే ముందు పడ్డాయి. "నన్నెత్తి పడేసీ మా బావ సెయ్యి నా మెడ కిందుండీది, జనానికి కనబడకుండా. పడినాక ఆడు నా సెయ్యి పట్టి నొక్కీవోడు. బాగున్నావేటి అని. నాను తిరిగి నొక్కితే బాగున్నానని. నొక్కనేదనుకో, ఆట ఆపీవోడు."

"మరి నల్లముసుగోడికి రక్తమొచ్చినాది కదా?" అన్నాను.

తాతయ్య చేతులకంటిన ఇసక దులుపుకున్నాడు. "నొప్పి నేదని కాదమ్మా. పడితే ఎవలికైనా నొప్పే. సంపీడానికి పడెయ్యడం వేరు, సూసుకొని పడెయ్యడం వేరు" అన్నాడు.

అన్నం తింటానని ఆయన ఆశ. కాని నాకు ఊరట కలగలేదు. వాడి గెలుపు ఎవరో ముందే రాసిపెట్టినదైతే మరి నా మొక్కు ఎవరికి? నాన్న రైలు ఎక్కాడో లేదో ఇంక నాకెలా తెలుస్తుంది? నల్లముసుగోడు ఓడిపోతున్నంత కాలం కనీసం కారణం ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఆ ఆదివారం టీవీ ముందు ఏడవకుండా కూర్చున్నాను. ముఖాలు చూడలేదు, చేతులు చూశాను. ఎర్రజుట్టోడు వాణ్ణి నేలకేసి కొట్టి, మెడ నులుముతున్నట్టు మీద పడ్డాడు. ఆ నులిమే చెయ్యి కిందకి జారి నల్లముసుగోడి వేళ్ళు పట్టుకుంది. నొక్కింది. కింద పడ్డవాడి వేళ్ళు తిరిగి ముడుచుకున్నాయి. పక్కన నానమ్మ ఆయాసపడుతూనే, "ఆపండ్రా ఎవలైనా" అంటోంది. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూసి తలూపాడు.

ఆ వారంలోనే ఒక రోజు కాలం కాని వాన ముసురు పట్టి, బడి పైకప్పు కారుతుంటే మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. తడిసి ఇంటికొచ్చేసరికి లోపలినుంచి తాతయ్య గొంతు వినబడింది. "ఆఁ, సెప్పరా నాయినా! మేమా, బాగున్నాం!" నాన్న! గుమ్మం దాకా ఒక్క పరుగు తీశాను. అక్కడ ఆగిపోయాను.

తాతయ్య నానమ్మ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. అరుస్తున్నాడు, ఆగుతున్నాడు, వింటున్నాడు, నవ్వుతున్నాడు. ఎక్కడా తప్పులేదు. కాని ఫోను ఎడమ చెవికి ఉంది.

పిల్లనే అయినా నాకు అర్థమవడానికి క్షణం పట్టలేదు. మొన్న ఒడ్డున ఆయన నేర్పిన చూపే అది. వినబడే చెవిని నానమ్మ వైపు తిప్పుకున్నాడు, ఆవిడ ఊపిరి ఎలా ఉందో, ఏమంటుందో వినడానికి. నాన్నకి వినబడని చెవి ఇచ్చాడు. ఎందుకంటే అటువైపు నాన్న లేడు. ఇన్నాళ్ళూ లేడు. నేను బడిలో ఉన్నప్పుడు వచ్చిన ఫోన్లన్నీ ఇవే.

అప్పుడే నానమ్మ చెయ్యి చాపింది. "ఇలగియ్యి. ఒక్క మాట. ఆడి గొంతు ఇని ఎన్నాళ్ళయినాది" అంది. తాతయ్య, "సిగ్నలు నేదే, సరిగ్గా ఇనబడ్డం నేదు" అన్నాడు. నానమ్మ చెయ్యి దించలేదు. "ఇనబడకపోయినా పర్లేదు, ఇయ్యి" అంది. ఎంత పెద్ద అలకీ బెదరని మా తాతయ్య ముఖంలో అప్పుడు కనబడిన భయం నేను ముందెప్పుడూ చూడలేదు. చేతిలో ఫోను పట్టుకొని, ఇవ్వలేక, దాచలేక నిలబడిపోయాడు. ఆవిడ దాన్ని చెవికి పెట్టుకుంటే అంతా అయిపోతుంది. డాక్టరు చెప్పిన మాట నేనూ విన్నాను.

"నాన్నా! నాను, నాను ముందు!" అని తడిబట్టలతో లోపలికి దూకి ఫోను లాక్కున్నాను.

చెవికి పెట్టుకున్నాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అమ్మలూ అని నాన్న పిలుపు వినబడుతుందేమో అని ఆశపడ్డాను. ఏమీ లేదు. బండరాయికి చెవి ఆనించినట్టుంది. తాతయ్య చూపించినట్టే గడ్డం గుండెకి ఆనించి, ఆ ఆటలోకి పడ్డాను.

"గెలవనేదు నాన్నా, ఇంకా గెలవనేదు. నువ్వెప్పుడొస్తావు? ఆఁ? ... అన్నం తింటన్నాను. మామ్మకా? సెప్తాను. మందులేసుకోమని సెప్తాను. ఆఁ, ఏటి? ... నాన్నా? నాన్నా!" అని అరిచి, నానమ్మ వైపు తిరిగాను. "కట్టయిపోనాది మామ్మా. పడవ కదిలిపోతందంట. నిన్ను మందులు మానొద్దన్నాడు" అన్నాను.

నానమ్మ నా ముఖం వంక చాలాసేపు చూసింది. చెయ్యి దించి, "అలగా. సరే. అలగే ఏసుకుంటానని సెప్పు మళ్ళీ సేసినప్పుడు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఫోను తీసుకోడానికన్నట్టు తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. నొక్కాడు. నేను తిరిగి నొక్కాను.

ఆ రోజే పడవ చాటున కూర్చోబెట్టి నిజం చెప్పాడు. నాన్నవాళ్ళ పడవ సముద్రంలో సరిహద్దు గీత దాటిందని అవతలి దేశం వాళ్ళు పట్టుకున్నారట. అందరినీ జైల్లో పెట్టారట. బతికున్నారన్నంత వరకే తెలుసు, ఎప్పుడు వదుల్తారో ఎవరికీ తెలీదు. అమ్మకి తెలుసు. తెలిసే గంపెత్తుకొని తిరుగుతోంది.

"ఆ గీత ఎక్కడుంటాది తాతా?" అని అడిగాను.

"తెల్దమ్మా. నా బతుకంతా సముద్రం మీదే ఎల్లిపోనాది. గీతన్నది ఎక్కడా సూణ్ణేదు" అని ఆయన నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను ఆయన పక్కనే కూర్చుని, ఇంక నల్లముసుగోడు గెలిచినా ఓడినా ఒకటే కదా అనుకున్నాను. అంత ఒంటరిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

కొన్నాళ్ళకి, అమ్మ గంపతో పోయి, తాతయ్య రేవుకి వెళ్ళినప్పుడు, నానమ్మ నన్ను పిలిచి తల దువ్వుతానంది. దువ్వెన పట్టే ఓపిక లేదు, వేళ్ళతోనే చిక్కులు తీస్తోంది. తీస్తూ తీస్తూ, మామూలు మాటలాగే అంది. "మీ తాత ఎడం సెవికి ఫోనెట్టుకుంతన్నాడు. నలబయ్యేళ్ళు కాపరం సేసినాను. ఏ సెవి ఇనబడదో నాకు తెల్దేటే?"

వెనక్కి తిరిగి ఆవిడ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ముందుకే చూస్తూ, మరి ఫోను ఇవ్వమని ఎందుకడిగావు మామ్మా అన్నాను.

"అడక్కపోతే, నాకు తెలిసిపోనాదని ఆయనకి తెలిసిపోద్ది కదే. కన్నతల్లి అడక్కుండా ఎలగుంటాది? అడిగినాను. ఇచ్చేస్తాడేమోనని గుండె ఆగిపోనాది. అప్పుడు నువ్వొచ్చి మద్దిలో పడ్డావు" అని నా తల మీద చెయ్యి వేసింది. "బాగా పడ్డావు తల్లీ."

ఆ తరవాత ఆవిడ ఇంకొకటి చెప్పింది. కొత్త పెళ్ళికూతురుగా మొదటి సంబరానికి వెళ్ళినప్పుడు, తన అన్నే తన మొగుణ్ణి నేలకేసి కొడుతుంటే గోలుగోలున ఏడ్చిందట. అప్పుడు తాతయ్య ఒడ్డుకి తీసుకుపోయి నాకు చూపించినట్టే ఆవిడకీ పడి చూపించాడట, చేతి నొక్కుడుతో సహా. మరి ఆ తరవాత ఏడాది? ఆ తరవాత ప్రతి ఏడాదీ? "ఏడ్సీదాన్ని. ఇంకా గట్టిగా ఏడ్సీదాన్ని. అంత కష్టపడి పడితే ఏడ్సీవోళ్ళు ఒకలైనా ఉండొద్దేటి?" అంది. టీవీ ముందు ఆవిడ గుండెలు బాదుకోవడం ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది. తాతకి చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది.

అప్పటినుంచి ఇద్దరు ముసలివాళ్ళ మధ్య నేను. తాతయ్య ఎడమ చెవికి ఫోను పెట్టి అరిచేవాడు. నానమ్మ అడిగేది, ఒక్కోసారి అలిగేది, ఆడికి పెళ్ళామే ఎక్కువైపోనాది అని దెప్పేది. నేను మధ్యలో దూరి మాట్లాడేదాన్ని. అమ్మ పొయ్యి దగ్గర వీపు తిప్పుకొని నిలబడేది. నాన్న గురించి ఒక్క కబురు రాని ఇంట్లో రోజూ నాన్న కబుర్లే. ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క ఉండేది కాదు.

వానాకాలం తిరిగి వచ్చింది. నానమ్మ కాళ్ళు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆస్పత్రినుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక పొద్దున్న, తలగడలకి ఆనించి కూర్చోబెట్టాక, ఆవిడే అడిగింది. "ఫోను తేండి. నా కొడుకుతో మాటాడాల."

తాతయ్య కుడిచెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి విన్నాడు. విని, ఏం చెయ్యాలో తోచక నా వైపు చూశాడు. నేను ఫోను తెచ్చి ఏవో బటన్లు నొక్కి నానమ్మ చెవికి ఆనించి పట్టుకున్నాను.

"బాబూ, నానేరా" అంది. ఆగింది. విన్నది. "తిన్నావేటి?" మళ్ళీ ఆగింది. ఊఁ అంది. "అక్కడ సలేస్తందేటి? కప్పుకోడానికి ఏదైనా ఇచ్చినారా?" తాతయ్య తల ఒక్కసారి పైకెత్తాడు. "నీ పక్కన మన పేటోళ్ళే ఉన్నారా, నేకపోతే ఒక్కడివీ ఉంచినారా? కొట్టడం నేదు కదా? ... నాకా, నాకేటి, బాగున్నాను. వచ్చినాక రొయ్యల పులుసు కారంగా సెయ్యించుకొని తిను. నాకోసం ఏడుస్తూ కూకోకు. ఆఁ. ఉంటాను బాబూ."

ఒక్కో మాటకీ జవాబు వచ్చేంత చోటు వదిలింది. ఒక చెయ్యి నా చేతిలో ఉంది. రెండో చెయ్యి పరుపు మీద పాకుతూ వెళ్ళి తాతయ్య చెయ్యి వెతికి పట్టుకుంది. నొక్కింది. నేను చూశాను. గోడవతల పేటవాళ్ళ మాటల్లో విన్నదేమో, జైలు సంగతి ఆవిడకి మొదటినుంచీ తెలుసని ఆయనకి ఆ క్షణాన తెలిసింది. బాగున్నావేటి అని అడుగుతోందని కూడా తెలిసింది. తాతయ్య వేళ్ళు ముడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ముడుచుకున్నాయి. అబద్ధమే. ఆయన బాగాలేడు. అయినా నొక్కాడు.

ఆవిడ ఆ పూటే పోయింది.

నాన్న వచ్చింది ఆ తరవాత ఎండాకాలం దాటాక. నౌపడ స్టేషన్లో రైలు దిగిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. గడ్డం, బొమికలు, ఎవరివో చొక్కా. ఇంటికొచ్చి ఖాళీగా ఉన్న నానమ్మ మంచం చూసి, దాని పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎంతసేపైనా లేవలేదు. అమ్మ నీళ్ళిస్తే తాగలేదు. తాతయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "నన్నడిగినాదేటి? ఆకరికి?" అన్నాడు నాన్న, ఎవరి వైపూ చూడకుండా.

నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మామ్మ నీకు ఫోను చేసింది నాన్నా, ఇవీ ఆవిడ మాటలు అని, ఉన్నవి ఉన్నట్టు, ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ చెప్పాను. తిన్నావేటి అని ఆగాను. నాన్న తలెత్తాడు. "తిన్నానమ్మా" అన్నాడు. చలేస్తోందా అన్నాను. "నేదమ్మా. ఒక కంబళీ ఇచ్చినారు" అన్నాడు. పక్కన మన పేటవాళ్ళు ఉన్నారన్నాడు. కొట్టడం లేదన్నాడు. ఆ చొక్కా కింద వీపు ఎలా ఉందో మాకు స్నానం దగ్గర తెలిసింది. వాళ్ళమ్మతో మాత్రం లేదనే అన్నాడు.

శ్రీకూర్మం వెళ్ళి తాబేళ్ళకి గోంగూర పెట్టొచ్చాం. ఎవరి కోసం మొక్కానో నాన్నకి చెప్పలేదు. నల్లముసుగోడు ఈలోగా ఎప్పుడో టీవీలో కనబడ్డం మానేశాడు. వాడి చోట ఇంకెవడో పచ్చచెడ్డీవాడు వచ్చాడు. చాలా ఆదివారాలు నాన్న ఆ పెట్టె వైపే చూడలేదు. ఒక సాయంత్రం, తనంతట తనే వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, బొంగురుగా, "ఒరే పచ్చచెడ్డీ, మా పేటకి రారా..." అని మొదలుపెట్టి, ముందుకి పోలేక ఆగిపోయాడు. మూలన తాతయ్య వల అల్లడం ఆపాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి వచ్చి నిలబడింది. నాకన్నీ తెలుసు. ఆ చేతులు, ఆ చప్పుళ్ళు, ఎవడు గెలవాలో ముందే అనుకుంటారని. నేను రెండు చేతులతో గుండెలు బాదుకొని, మా నానమ్మ గొంతుతో అరిచాను.

"ఓలమ్మో, సంపేస్తన్నాడ్రా నాయినా! ఆపండ్రా ఎవలైనా!"

నాన్న నా వైపు చూశాడు. కళ్ళ నిండా నీళ్ళతో, ముక్కుతో, "ముందు పులుసు పొయ్యరా" అన్నాడు.

ఇప్పుడు తాతయ్య లేడు. నాన్న మళ్ళీ గుజరాత్ వెళ్ళలేదు కాని, నా మొగుడు వెళ్తాడు. ఫోను చేసి బాగానే ఉన్నానంటాడు, ఆ గొంతులో జ్వరం నాకు తెలుస్తూనే ఉంటుంది. సరేనంటాను, అడగాల్సినవన్నీ అడుగుతాను. ఎవరైనా నా ముందు అలా కష్టపడి నిలబడితే, వాళ్ళ చేతులు ఎక్కడున్నాయో ముందు చూస్తాను. అందితే పట్టుకొని ఒకసారి నొక్కుతాను. తిరిగి నొక్కేదాకా వదలను.